అమ్మకపు షరతులు

పాత పత్రికల్లోని భూమి అమ్మకపు ప్రకటనలూ, గెజెట్లలో అచ్చయిన సర్కారు నోటీసులూ సాహిత్య విమర్శకుడికి పనికిరాని సరుకని మనలో చాలామంది అభిప్రాయం. కవిత్వం, కథ, నాటకం - యివీ విమర్శకు పాత్రమైనవి. వేలం నోటీసు గుమాస్తా రాత. యీ అభిప్రాయంతో నేను యేకీభవించను. వలస పట్నాన్ని గురించి అక్కడి కవులు పాడనిదాన్ని గుమాస్తా రాసిపెట్టాడు. అతడికి దాచవలసిన అవసరం లేదు. అతడి పాఠకుడు కొనుగోలుదారు. కొనేవాడికి షరతు స్పష్టంగా తెలియాలి. సామ్రాజ్యవాదం మనసు విప్పి మాట్లాడిన వచనం యేదైనా వుంటే అది యిదే.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ పట్నాన్ని తీసుకుంటాను. దూరదేశపు గొడవ మనకెందుకని అనవద్దు. 1860 అక్టోబరులో మద్రాసు రేవునుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న కూలీలను దించింది ఆ పట్నంలోనే. 1911 దాకా యీ కూలి వొప్పందం మీద నటాలు చేరిన భారతీయులు 1,52,184 మంది. అందులో గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు తక్కువవారు కారు. అక్కడి స్థలాల బేరంలో మనవాళ్లూ వున్నారు.

ముందు ఆ భూమి అమ్మకపు సరుకు యెలా అయిందో చూడాలి. 1824లో ఫేర్‌వెల్ అనే ఆంగ్లేయ వర్తకుడు షాకా రాజుచేత వొక కాగితం మీద గుర్తు పెట్టించుకున్నాడు. రేవూ, దాని చుట్టూ వున్న విశాలమైన నేలా తనకు దఖలుపడ్డాయన్నాడు. జూలూల ఆచారంలో రాజు భూమికి ప్రజల తరఫున కాపరి. దాన్ని తెగనమ్ముకునే సొంతదారు కాడు. చదువురాని భాషలో రాసిన కాగితం మీద, అమ్మకమనే మాటే లేని ఆచారం గల రాజు పెట్టిన గుర్తు - యిదీ ఆ పట్నపు తొలి దస్తావేజు! 1835లో కొద్దిమంది తెల్లవారు కూడి, ఆ రేవుకు కేప్ గవర్నరు పేరు పెట్టుకున్నారు. 1843లో బ్రిటన్ నటాలును తనలో కలుపుకుంది. ఆ తరువాత అక్కడ జరిగిన ప్రతి అమ్మకానికీ కింద యీ మొదటి కాగితపు తర్కమే వుంది: అడగవలసినవాళ్లను అడగకుండా అమ్మడం.

1849-51 మధ్య జోసెఫ్ బర్న్ అనే వ్యాపారి యింగ్లండులో ప్రకటనలు చేశాడు. పది పౌన్లు కడితే ఓడ ప్రయాణమూ, నటాలులో యిరవై ఎకరాల భూమీ! వేలమంది వచ్చారు. ఆ భూమిలో చాలాభాగం సాగుకు పనికిరానిదని వచ్చాక తెలిసింది. అది వేరు సంగతి. పదేళ్లు తిరిగాక మద్రాసులో మరో రకం పిలుపు వినబడింది. అయిదేళ్ల వొప్పందం, మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగుల కూలి, తిండి, బట్ట. లెక్క వేయండి. పది పౌన్లంటే రెండువందల షిల్లింగులు. అంటే కూలివాడి యిరవై నెలల జీతం. వొకడికి ప్రయాణంతోపాటు యిరవై ఎకరాలు. ఇంకొకడికి ప్రయాణంతోపాటు వొక నంబరు. అవును, నంబరే. ఓడ జాబితాల్లో మనిషి పేరు పక్కన తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం. అన్నిటికీ ముందు వొక సంఖ్య. సర్వే పటంలో స్థలానికి నంబరు వేసినట్టే మనిషికీ వేశారు. ఒకే పద్ధతి.

వొప్పందం తీరినవారికి తిరుగు ప్రయాణానికి బదులు సర్కారు భూమి యివ్వవచ్చునని చట్టంలో మొదట వొక మాట వుండేది. అలా భూమి దక్కినవాళ్లు బహు కొద్దిమంది. 1891లో ఆ మాటనే కొట్టేశారు. 1895లో మళ్లీ వొప్పందంలోకి పోకుండా అక్కడే వుండిపోదలచిన కూలీమీద యేడాదికి మూడు పౌన్ల తలపన్ను వేశారు. అంటే మొదటి యేడాది లెక్కన ఆరు నెలల కూలి. భూమి యిస్తామన్న నోటితోనే నిలబడినందుకు పన్ను కట్టమన్నారు!

“ఇదంతా బోయర్ల జాతివిద్వేషం, ఆంగ్లేయులు వుదారులు, డర్బన్ ఆంగ్లేయుల పట్నం,” అనే వాదం వొకటి యింకా చదువుకున్నవారిలో వినబడుతూనే వుంది. తేదీలు యీ వాదాన్ని నిలవనీయవు. 1896లో నటాలు శాసనసభకు వోటు వేసే హక్కు భారతీయులకు లేకుండా చేసినది ఆంగ్లేయ వలస ప్రభుత్వం. 1922లో డర్బన్ భూముల విక్రయ ఆర్డినెన్సు వచ్చింది. మునిసిపాలిటీ తన స్థలాలను అమ్మేటప్పుడో, కౌలుకిచ్చేటప్పుడో, ఫలానా జాతివారే కొనాలి, ఫలానా జాతివారే కాపురముండాలి అని షరతు పెట్టుకోవచ్చునన్నది. 1924లో మునిసిపల్ వోటు కూడా తీసేశారు. వరస గమనించండి: ముందు శాసనసభ, తరువాత స్థలం, ఆపైన వూరి పాలన. షరతు పెట్టే కౌన్సిలును యెన్నుకునే హక్కు, ఆ షరతుకు బలయ్యేవాడికి లేదు. 1943లో ‘పెగ్గింగ్’ చట్టం, 1946లో ‘ఘెటో’ చట్టమని జనం పేరు పెట్టిన ఆసియావాసుల భూమి చట్టం - యీ రెండూ స్మట్స్ ప్రభుత్వం తెచ్చినవి. ఐక్యరాజ్యసమితి పత్రం పీఠిక రచనలో చెయ్యివేసిన పెద్దమనిషి స్మట్స్! బోయర్ల నేషనల్ పార్టీ గద్దెనెక్కింది 1948లో. 1950లో వారు తెచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం, ఆంగ్లేయ మునిసిపాలిటీ అమ్మకపు షరతుగా రాసుకున్న వాక్యాన్ని దేశమంతటికీ శాసనంగా చేసింది. అంతే తేడా.

ఇక నోటీసు భాష సంగతి. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద పని జరిగే తీరు యెంతో మర్యాదగా వుండేది. ఫలానా ప్రాంతాన్ని ఫలానా జాతికి కేటాయించే ప్రతిపాదన వుంది, అభ్యంతరాలుంటే తెలుపుకోవచ్చు అని ప్రకటన, ఆపైన బోర్డు విచారణ, ఆపైన గెజెటు. 1958 జూన్‌లో డర్బన్ పట్నాన్ని జాతులవారీగా పంచుతూ ప్రకటన వెలువడింది. పేట్లను పేకముక్కల్లా పంచారు. తరతరాల కాపురం వొక్క అచ్చు కాగితంతో నేరమైంది.

ఆ కాగితాల్లో కర్త వుండడు. యెవరు వెళ్లగొట్టారు? ఎవరూ లేరు. ‘ప్రకటించడమైనది’, ‘నిర్ణయించడమైనది’ - మన తెలుగు సర్కారీ భాష కూడా యీ వలస వ్యాకరణాన్నే నేర్చుకున్నది. ‘యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అని మొదలుపెడతాం. ఆ యావన్మందిలో యెవరున్నారు, యెవరు లేరు అని అడిగే విమర్శకుడు కావాలి. డర్బన్ నోటీసులోని యావన్మంది తెల్లవారే. మిగతావాళ్లు ఆ వాక్యంలో శ్రోతలు కారు. వాక్యం వాళ్లమీద జరిగే పని.

“అమ్మేవాడూ కొనేవాడూ యిష్టపడ్డాక మధ్యలో అన్యాయమేమిటి?” అని సంత న్యాయం చెప్పేవారికి వొక సమాధానం. కేటాయింపు జరిగిన పేటలో యిల్లున్న భారతీయుడు తన యిల్లు అమ్ముకుంటాడు. ఎవరికి? తెల్లవాడికే అమ్మాలి. ఎంతకు? విలువ సర్కారు కడుతుంది. ముందుగా కొనే హక్కు బోర్డుకుంది. కట్టిన విలువకంటే యెక్కువ పలికితే అందులో బోర్డుకు వాటా. దీన్ని అమ్మకమంటారా? కత్తి చూపించి రసీదు యివ్వడం దొంగతనాన్ని వ్యాపారం చేయదు.

అయితే భారతీయులంతా వొక్కటే అనుకోవడం కూడా అభ్యుదయ దృష్టి కాదు. కేటో మేనర్ అనే పేట చూడండి. అది డర్బన్ తొలి మేయరు పేరిట వెలసిన నేల. వొప్పందం తీరిన కూలీలు అక్కడ కూరగాయల తోటలు వేశారు; కొందరు స్థలాలు కొన్నారు. పట్నంలో భూమి కొనే దారి ఆఫ్రికనులకు మూసేశారు గనుక వాళ్లు యీ స్థలాల్లో గుడిసెలు వేసుకుని అద్దెలు కట్టారు. దారి మూసిన తెల్ల మునిసిపాలిటీ ఆ అద్దె గుడిసెవాడికి కనబడలేదు. నెలనెలా చెయ్యి చాచే భారతీయ స్థలదారు కనబడ్డాడు. 1949 జనవరి అల్లర్లలో 142 మంది చనిపోయారు. 87 మంది ఆఫ్రికనులు, 50 మంది భారతీయులు. మన ప్రవాస చరిత్రలు గుళ్లూ గోపురాలూ, సభలూ సన్మానాలూ వర్ణిస్తాయి. యీ అద్దె లెక్క రాయవు. రాయకపోతే ఆ చరిత్ర సగం అబద్ధం.

రాయదగిన మరో సగమూ వుంది. 1944లో స్మట్స్‌తో లోపాయకారీ వొడంబడిక చేసుకున్న సంపన్న నాయకులను జనం తోసిపుచ్చారు. 1945లో నటాలు ఇండియన్ కాంగ్రెసు డాక్టర్ మాంటీ నాయకర్ చేతికి వచ్చింది. 1946 జూన్ 13న గేల్ వీధి, అంబిలో రోడ్డు కలిసే మూల, మునిసిపాలిటీ ఖాళీ స్థలంలో సత్యాగ్రహులు డేరాలు వేశారు. తెల్ల రౌడీలు కొట్టారు, డేరాలు తగలబెట్టారు. వాళ్లు కదలలేదు. రెండేళ్లలో రెండువేలమంది జైళ్లకు వెళ్లారు. అందులో ఆడవాళ్లు, కార్మికులు వున్నారు. ఎక్కడైతే కాపురం నిషేధమన్నారో అక్కడే కాపురం పెట్టడం - నోటీసుకు యింతకన్నా గొప్ప జవాబు నాకు తెలియదు. 1947 మార్చిలో నాయకర్, దాదూ, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు నాయకుడు జూమా కలిసి వొడంబడిక మీద సంతకాలు పెట్టారు. స్థలదారూ అద్దెదారూ కాక, హక్కులేని యిద్దరు మనుషులు చేతులు కలిపిన కాగితమది. రెండేళ్లకే మంటలు లేచాయి, నిజమే. మైత్రి కాగితం మీద రాస్తే చాలదు, అద్దెగదిలోకి దిగాలని ఆ మంటలు చెప్పాయి.

తరువాత జరిగినది తెలిసినదే. ఆఫ్రికనులను క్వామషుకు, వుమ్లాజీకి, భారతీయులను చాట్స్‌వర్తుకు తరిమారు. కేటో మేనరులో గుడిసెలు, యిళ్లు నేలమట్టం చేశారు. అంతా చేసి తెల్లవారికని కేటాయించిన ఆ నేలలో చాలాభాగం దశాబ్దాలపాటు పొదలు మొలిచి పడివుంది. కొనేవాడు రాలేదు. భూమి కావలసి కాదు, పక్కవాడు అక్కర్లేక చేసిన పని అది.

“ఆ చట్టాలు 1991లో పోయాయి, 1994లో ప్రజారాజ్యం వచ్చింది, యింకా యెందుకీ తవ్వకం?” అంటారు. చట్టం పోయింది, చట్టం కట్టిన వూరు పోలేదు. 1994 భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం ప్రకారం, 1913 జూన్ 19 తరువాత భూమి పోయినవారే దావా వేయగలిగారు. అర్జీల గడువు 1998 డిసెంబరు 31. పట్నపు దావాల్లో యెక్కువమందికి భూమి రాలేదు, డబ్బు వచ్చింది. అంటే అమ్మనివాడి చేత యిన్నేళ్లకు అమ్మకం పూర్తిచేయించారన్నమాట. 1824 నాటి కాగితం ఆ తేదీకి అవతలే భద్రంగా వుంది. దానిమీద దావా లేదు.

ఆ దావాలు వేసిన వృద్ధుల చేతుల్లో సాక్ష్యంగా వున్నవి పాత రసీదులు, గెజెటు ముక్కలు, అమ్మకపు నోటీసులే. కనుక రచయితలారా, గుమాస్తా రాతను తక్కువ చేయకండి. నోటీసును పద్యం చదివినంత శ్రద్ధగా చదవండి. దాచిన కర్తను బయటికి లాగండి. యావన్మందిలో లేనివాళ్ల పేర్లు రాయండి. అమ్మకపు షరతులను అమ్మినవాడే రాశాడు. వాటిమీద వ్యాఖ్యానం పోగొట్టుకున్నవాడి పక్షాన వుండాలి.