సముద్రపుటొడ్డున అద్దె యిల్లు

మా అనంతపురం వైపు సముద్రానికి లోటు లేదు. ఊరికి ఆనుకొనియే బుక్కరాయసముద్రమున్నది. 14వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల కాలాన కట్టించిన ఆ చెరువును మా పెద్దలు చెరువనక సముద్రమనియే పిలిచినారు. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే గడ్డమీద నిండిన చెరువే సముద్రం. పేరు పెట్టినవారిది గొప్ప కాదు, ఆశ.

ఉప్పు సముద్రాన్ని నేను ఇరవై రెండవ ఏట చూచినాను. 1990ల మొదట్లో మదరాసు విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదువబోయినప్పుడు మెరీనా ఒడ్డుననున్న తరగతి గదికి నడచిపోగలిగినంత దూరంలో ట్రిప్లికేనులో ఒక గది అద్దెకు దొరకినది. పార్థసారథి స్వామి కోవెల చుట్టునున్న ఇరుకు వీథులలో ఒకటి. వీథి అరుగు, లోపల నడవ, నడుమ ఆకాశం కనపడే వాకిలి, వెనుక బావి. ఆ ఇంట మాతో కలిపి ఆరు కాపురాలు. ఇంటి యజమానురాలు తెలుగు మాట్లాడే వృద్ధురాలు.

"ఏ ఊరు నాయనా?" అని అడిగినది.

"అనంతపురమమ్మా."

"అట్లయితే నీళ్ల సంగతి నీకు చెప్పనక్కర లేదు" అన్నది. అదే మా ఒప్పందం. కాగితం లేదు, సాక్షి లేడు. రెండు నెలల అద్దె ముందుగా ఇచ్చినాను. చదువు ముగించి వెళ్లేనాడు అణాపైసలతో తిరిగి ఇచ్చినది.

ఆ పేట పేరును మొదట నాకు విడదీసి చెప్పినది కూడ ఆమెయే. తిరు, అల్లి, కేణి. అల్లిపూల పవిత్రమైన కొలను. అల్లి అనే మాట మన తెలుగులోనూ ఉన్నది గదా! మెట్ట సీమ పిల్లవానికి ఉప్పు సముద్రం పక్కన తీపి నీటి పేరు గల పేటలో చోటు దొరకడం ఆనాడు నాకెంతో ముచ్చటగా తోచినది.

చరిత్ర చదివిన తరువాత మరొక ముచ్చట తెలిసినది. పెనుగొండ నుంచి చంద్రగిరికి తరలిపోయిన విజయనగరపు చివరి రాజుల నీడలో, దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇంగ్లీషు కుంపిణీవారికి తీరాన కొంత చోటిచ్చినాడు. అది చెన్నపట్టణానికి నాంది. 1670ల దశకంలో ఆ కుంపిణీవారే తిరువల్లిక్కేణి గ్రామాన్ని గోల్కొండ సుల్తాను నుంచి ఏటేటా అద్దె చెల్లించే ఏర్పాటుపై పుచ్చుకొన్నారు. అనగా ఊరే అద్దెకు తీసుకొన్న ఊరు! అద్దెకు దిగినవారు తరువాత దేశానికే యజమానులై కూర్చున్నారు, అది వేరు కథ. ఇప్పుడు నేను చెప్పదలచినది వేరు. ఈ పేటకు అద్దె అనేది మధ్యలో వచ్చిన మచ్చ కాదు, పుట్టుకతో వచ్చిన లక్షణం.

ఈ పేట కీర్తిని నిలిపినవారిలోనూ అద్దె కాపురాల వారెందరో కలరు. తమిళుల మహాకవి సుబ్రహ్మణ్య భారతి తన చివరి దినాలలో కోవెల దగ్గరి వీథిలో ఒక అద్దె ఇంట నివసించి, 1921లో కన్నుమూసినాడు. ఆ ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకమందిరంగా నిలిపినది. ఇంటి యజమాని పేరెవరికి తెలియును? అద్దెకున్నవాని పేరుతోనే ఇల్లు బ్రతికినది. మన తెలుగువారి మాటయూ అంతే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో పుట్టి, 1914లో మదరాసుకు వచ్చి దినపత్రిక అయినది. అచ్చుకూటాలలో అక్షరాలు కూర్చినవారు, అచ్చుచిత్తులు దిద్దినవారు, చదువులకు వచ్చిన సర్కారు, సీమ జిల్లాల విద్యార్థులు, వీరిలో సొంత ఇల్లు గలవారెందరు? పరాయి కప్పు క్రింద కూర్చుని వారు మన భాషకు కొంత నిలకడ నిచ్చినారు.

గత సంవత్సరం ఒక పనిమీద మదరాసు (1996 నుంచి అది చెన్నై) వెళ్లి, పాత వీథికి పోయినాను. మా ఇల్లు లేదు. దాని చోట నాలుగంతస్తుల మేడ. బావి మీద వాహనాలు నిలిపియున్నవి. పేటలోని మాన్షన్లు మాత్రం ఇంకను ఉన్నవి. ఉద్యోగం వెదకుకొంటూ వచ్చిన ఒంటరి మగపిల్లలకు అవే దిక్కు. కుటుంబానికి ఇల్లు కావలెనంటే మొదట కులం, తరువాత భోజనం, ఆపైన పది నెలల బయానా. మా కళాశాలలో చదివి అక్కడ ఉద్యోగానికి కుదిరిన ఒక అమ్మాయి, మూడు వారాలు గాలించి, సముద్రం ఆనవాలు కూడ లేని శివారులో గది తీసుకొన్నది. పనిచేసేది మాత్రం మెరీనా పక్కనే!

చట్టం లేదా అంటే ఉన్నది. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టాన్ని తీసివేసి, 2017లో చేసిన కొత్త చట్టాన్ని తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమలు పరచినారు. ఒప్పందం కాగితంమీద ఉండవలె, అధికారి వద్ద నమోదు కావలె. బయానాకు మూడు నెలల అద్దెను హద్దుగా చెప్పినారు. కాని ఇరుపక్షాలు వేరుగా ఒప్పుకొంటే మినహాయింపును కూడ ఇచ్చినారు. నిలువ నీడ లేనివాడు దేనికి ఒప్పుకొనడు? ఆకలిగొన్నవానితో బేరమాడి, ఇష్టపడే కొన్నాడనడం వంటిదే ఇది.

యజమానుల పక్షం వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. పాత చట్టం క్రింద దశాబ్దాల నాటి అద్దెలు కదలక పోవడంచేత సున్నం వేయించుటకు కూడ డబ్బు రాలని ఇళ్లున్నవి. ఇల్లు ఖాళీ చేయించుటకు తండ్రి వేసిన దావాను కొడుకు నడిపిన సందర్భాలున్నవి. కారే కప్పును చూచి విసిగి కూల్చుటకు ఒప్పుకొన్న యజమానిని దురాశాపరుడని నేననను. మా యజమానురాలి వారసులను కూడ నేను తప్పు పట్టలేదు. నా ఆరోపణ వారిమీద కాదు, పాత పేట అంటే గోడలనియు స్తంభాలనియు మాత్రమే తలచే మన ఆలోచనమీద. గోడలను కాపాడుదామని సభలు జరుపుతాము. గోడల నడుమ నివసించేవారు వెళ్లిపోతే మాత్రం లెక్కించము. మనుష్యులు పోయిన పాత పేట, కావ్యం పోయి అట్ట మిగిలిన పుస్తకం.

ఇక నీటి మాట. తీరపు ఇసుకనేలలో వాననీరు ఇంకి, ఉప్పునీటిమీద తీపినీరు తేలియుండును. చేదతో తోడినంత కాలం ఆ పొర నిలిచియుండును. గొట్టపు బావి దింపి యంత్రంతో లాగితే తీపి అడుగంటి ఉప్పు పైకి వచ్చును. వాకిలిలో బావి ఉన్నంత కాలం కొళాయి రాకున్నను ఆరు కాపురాలకు చోటున్నది. బావి పూడిన తరువాత నీళ్లు లారీలో రావలె. లారీ వెల అద్దెలో చేరవలె. చేరిన అద్దె ఈయలేనివాడు వెళ్లిపోవలె. నీరు పోవడమూ పేదవాడు పోవడమూ రెండు సంగతులు కావు.

చెన్నైలో సగటున మా జిల్లాకు రెండు రెట్లకు మించిన వాన కురియును. అయినను 2019 వేసవిలో ఆ నగరపు జలాశయాలు ఎండిపోయి, జోలార్పేట నుంచి రైలులో నీరు తెచ్చుకొనవలసి వచ్చినది. 2003లోనే ప్రతి ఇంటా వాననీరు ఇంకించవలెనని శాసించిన రాష్ట్రమది! శాసనముండుట వేరు, బావి ఉండుట వేరు.

ఆ నగరానికి కృష్ణ నీరు 1996లో చేరినది. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.లు వదలుకొనగా, ఆ నీరు శ్రీశైలం నుంచి కర్నూలు, కడప, నెల్లూరు సీమల మీదుగా కండలేరు చేరి, అచ్చటి నుంచి పూండికి పోవలె. కండలేరు నుంచి పూండికి పోయే కాలువ చెడిపోగా, మా పుట్టపర్తి సత్యసాయి సంస్థ 2002లో పూనుకొని బాగు చేయించినది. దాహమన్నవానికి నీరీయడం ధర్మం. నేను లెక్కలు చెప్పి ఎత్తిపొడవడం లేదు. కాని ధర్మానికి మరొక కొస కూడ ఉన్నది. మా నేలల మీదుగా నీరు పోయే పట్టణంలో, మా పిల్లకు పనిచేసే చోటికి దగ్గరగా ఒక గది దొరకవలెననడం అత్యాశ కాదు. నీరు వచ్చే దారి తెరచి, మనిషి వచ్చే దారి మూయరాదు.

ఏమి చేయవలెనంటే పెద్ద పథకాలు నాకు తెలియవు. పాత ఇంటిని కూల్చక అద్దె కాపురాలతో నిలిపియుంచే యజమానికి ఇంటిపన్నులో తగ్గింపును, మరమ్మతుకు తక్కువ వడ్డీ అప్పును ఇవ్వవలె. మూడు నెలల హద్దుకు ఇచ్చిన మినహాయింపును తీసివేయవలె. మేడ కట్టుటకు అనుమతి ఇచ్చేటప్పుడు బావిని పూడ్చరాదన్న షరతు వ్రాసి, కట్టిన తరువాత వచ్చి చూడవలె. ఈ మూడును మదరాసుకే కాదు, విశాఖ పాత పట్టణానికీ, బందరుకూ, భీమునిపట్టణానికీ చెల్లును. సముద్రం పక్కన వెలసిన మన పాత ఊళ్లకు రేపు రానున్న గతి ఇదే గనుక ముందుగా మేలుకొనుట మంచిది.

మా ఊరి చెరువును ఎవరును సొంతమనలేదు, అందుకే అది సముద్రమైనది. ఆనాడు మా యజమానురాలు కూడ బావి గట్టున నిలుచుండి ఒక మాట అన్నది: "ఇల్లు నాది నాయనా, నీళ్లు మాత్రం తోడుకొన్నవాడివి." ఆ ఇంటి అద్దె ఎంతో ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆ మాట మాత్రం మరువలేదు.