రెడ్డిగారి రాజీనామా

2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వము మాఱిన కొలది దినములకే పలు విశ్వవిద్యాలయముల ఉపాధ్యక్షులు, అనగా వైస్‌ఛాన్సలర్లు, వరుసగా రాజీనామాల నిచ్చిరి. అందు దమంతట దామిచ్చిన వెన్నియో, ఒత్తిడివలన వచ్చిన వెన్నియో యను వాదములోనికి మేము దిగము. ఆ వార్తలు చదువునపుడు మాకు స్ఫురించినది వేఱొక రాజీనామా: 1930లో కట్టమంచి రామలింగారెడ్డిగారిది.

రెడ్డిగారు 1880లో చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను జదివి, బరోడాలో గొంతకాలము, మైసూరులో బెక్కేండ్లు పనిచేసిరి. మైసూరు విద్యాశాఖాధికారిగా ప్రభుత్వ పాఠశాలల తలుపులు పంచమ బాలురకును దెఱవవలెనని పట్టుబట్టి పూర్వాచారపరుల కినుకకు గుఱియైరి. 1914 నాటి వారి 'కవిత్వతత్త్వ విచారము' పండితులలో రేపిన దుమార మందఱెఱిగినదే. ఒకరి యలుకకు వెఱచుట వారి స్వభావములో లేదు. 1923లో పానుగల్లు రాజావారి మంత్రివర్గముపై మదరాసు శాసనసభలో విశ్వాసరాహిత్య తీర్మానమును దెచ్చినది వారే. తీర్మానము వీగిపోయెను. చిత్రమేమన, 1926లో ఆ మంత్రివర్గ మింకను నధికారమున నుండగనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు బ్రథమోపాధ్యక్షులుగా వారే నియుక్తులైరి! ఎదిరించినవానికి బీఠము వేయు పెద్దఱికము నేటి యే ప్రభువులకు గలదో చదువరులే చెప్పవలెను.

పరిషత్తు తొలుత బెజవాడలో వెలసినది. స్థాననిర్ణయమునకై జిల్లాల నడుమ రేగిన స్పర్థ చల్లాఱి, 1930లో వాల్తేరునకు దరలినది. తాను నాటిన మొక్కకు బాదు కుదురుచున్న యా యేటనే ఉప్పుసత్యాగ్రహము, దాని నణచుటకు బ్రభుత్వము పూనిన దమననీతి. అందులకు నిరసనగా రెడ్డిగారు పదవిని విడిచిరి. కొలువునుండి పొమ్మన్నవారు లేరు. ఊరకున్నచో నడిగెడివారును లేరు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చి పరిషత్తును వృద్ధికి దెచ్చిరి. వారు వెడలిన పిదప 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వఱకు నడపిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారి వార్షిక లక్ష రూప్యముల దానముతో, వారి పేర విజ్ఞాన సాంకేతిక కళాశాల వాల్తేరున వెలసెను. జయపురము 1936లో ఒరిస్సాలో జేరినను ఆ ఋణము తెలుగువారిదే. 1942 ఏప్రిలులో విశాఖపై జపాను బాంబులు పడగా, పరిషత్తు గుంటూరునకు వలసపోవలసి వచ్చెను. ఆ కష్టకాలమున గూడ జదువులు సాగినవి. ఆ సంవత్సరమే వారు 'సర్' బిరుదమును స్వీకరించుట మాకు రుచింపదు. 1930 నాటి మనిషికి ఆ యలంకార మేల?

1949లో మైసూరు విశ్వవిద్యాలయమునకు బ్రోఛాన్సలరుగా వెడలి, 1951 ఫిబ్రవరి 24న వారు దివంగతులైరి.

ఇందొక యంశము తఱచు మఱుగుపడుచున్నది. నాడు ఉపాధ్యక్షు నెన్నుకొను హక్కు సెనేటుది. ప్రభుత్వమును నిరసించి వెడలినవానిని మరల బిలుచుటకు ఆ ప్రభుత్వము దయ యక్కఱలేకపోయెను. ఎన్నికలలోని ముఠాతత్త్వము నెఱుగనివారము గాము. ఆ పద్ధతినే యున్నదున్నట్లు దెమ్మనము. కాని నేటి యన్వేషణ సంఘములలో ఆచార్యుల మాట యెంత, సచివాలయము మాట యెంత యని యడుగు హక్కు పట్టభద్రులైన మా పాఠకులకు గలదు.