కొత్త సిస్టర్‌ను రాత్రి డ్యూటీలో ఒంటరిగా వదలకండి

నర్సింగ్ కోర్సు ముగించి, రిజిస్ట్రేషన్ చేతికి రాగానే ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ రాత్రి కూడా మన ఆస్పత్రుల్లో డ్యూటీలో ఉన్నారు. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే కీ ఎక్కడ పెడతారో, అర్ధరాత్రి ఏ డాక్టరుకు ఫోన్ చేయాలో కూడా వాళ్లలో కొందరికి ఇంకా ఎవరూ చెప్పలేదు. దయచేసి దీన్ని చిన్న విషయం అనుకోకండి.

ఐడీ కార్డు ఇచ్చి, యూనిఫాం కొలతలు తీసుకుని, ఓ గంటసేపు హాల్లో కూర్చోబెట్టి మాట్లాడితే ఓరియెంటేషన్ అయిపోదు. వార్డులో అనుభవమున్న సిస్టర్ పక్కన నిలబడి, చూసి, చేసి, తప్పు దిద్దించుకునే వారాలు కావాలి. ఐసీయూ అయితే నెలలే కావాలి.

ప్రమాదం ఎంత దగ్గర్లో ఉంటుందో చూడండి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ పక్కపక్కన పెడితే రెండూ పది మిల్లీలీటర్లే, రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవమే. సెలైన్‌లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కించాల్సిన పొటాషియాన్ని నేరుగా నరానికి ఇస్తే గుండె ఆగిపోతుంది. ఇన్సులిన్ సంగతీ అంతే. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు, నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. తెల్లవారుజామున ఆ రోగి నిద్రపోతున్నట్టే ఉంటాడు. షుగర్ పడిపోయి స్పృహ తప్పిందని కనిపెట్టాలంటే అలాంటి మనిషిని ముందెప్పుడైనా చూసి ఉండాలి.

ఇవన్నీ పిల్లలు చదువుకున్నవే, పరీక్షలో రాసినవే. తెల్లవారుజామున మూడింటికి ఒక మంచం దగ్గర డ్రిప్ ఆగిపోయి, ఇంకో మంచం దగ్గర అటెండెంట్ కేకలేస్తుంటే, అప్పుడు గుర్తుకు రావడం వేరు. జనరల్ వార్డుల్లో అయితే బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు, మిగతా చోట్ల అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మీ ఊరి ఆస్పత్రిలో ఓసారి మీరే లెక్కపెట్టి చూడండి.

చదువుకీ వార్డుకీ మధ్య ఉన్న ఈ అగాధం గురించి అమెరికాలో మార్లీన్ క్రామర్ 1974లోనే ‘రియాలిటీ షాక్’ అని పుస్తకం రాశారు. మన దగ్గర మాత్రం ‘నీళ్లలో పడేస్తే ఈత అదే వస్తుంది’ అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఇక్కడ మునిగేది ఆ అమ్మాయి ఒక్కతే కాదు, మంచం మీది మనిషి కూడా. పైగా సీనియర్లు గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లిపోతున్నారు. నిరుడు చేరిన పిల్ల ఈ ఏడు చేరిన పిల్లకు నేర్పుతోంది. తాను నేర్చుకోనిది ఆమె ఎలా నేర్పగలదు?

ఇన్‌ఛార్జి సిస్టర్లూ, కొన్ని గుర్తులు కనిపెట్టండి. నేర్పేవారి పేరు కాగితం మీదే ఉండి, ఆమెకూ పూర్తి వార్డు అప్పగించారా? మందును సరిచూడకుండానే రెండో సంతకం పెట్టేస్తున్నారా? ఫోన్లో చెప్పిన ఆర్డరును తిరిగి చదివి వినిపించకుండానే మందు ఇస్తున్నారా? కొత్త పిల్ల ఏమీ అడగడం మానేసిందా? ఇది అన్నిటికన్నా భయపడాల్సిన గుర్తు. ఒకసారి అందరి ముందూ తిట్లు తిన్న పిల్ల మళ్లీ నోరు విప్పదు. సూది గుచ్చుకున్నా చెప్పదు. అలా గుచ్చుకున్నాక హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఇక ఉపయోగం ఉండదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చేరిన రోజే అడగండి.

యాజమాన్యాలకు ఖర్చు భారం ఉందని తెలుసు. అయినా నేర్పే సిస్టర్‌కు రోగుల సంఖ్య తగ్గించండి. పొటాషియం ఆంప్యూళ్లను వార్డు ట్రాలీలోంచి తీసేసి విడిగా, తాళం వేసి ఉంచండి. పిల్లలూ, ‘నాకు ఇది రాదు సిస్టర్, పక్కన ఉండండి’ అనడానికి సిగ్గుపడకండి. తల్లిదండ్రులారా, జీతం ఎంతో అడిగినప్పుడే ఎన్ని వారాలు నేర్పుతారో, రాత్రిపూట పక్కన ఎవరుంటారో కూడా అడగండి. రోగి బంధువులారా, కొత్త సిస్టర్ లేబుల్ రెండుసార్లు చదువుతుంటే విసుక్కోకండి. ఆమె చేస్తున్నది మీ మనిషి కోసమే.

వచ్చే వారం రోస్టర్ వేసే నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి ఒక్క మనవి. రాత్రి డ్యూటీ గడిలో కొత్త పేరు ఒక్కటే కనిపిస్తే, దాని పక్కన అనుభవమున్న ఇంకో పేరు రాశాకే సంతకం పెట్టండి.