బీడీ మీద జాలి ఎవరి కోసం?

షోలాపూర్ తూర్పు పేటల్లో, అశోక్ చౌక్ మొదలు కుంభారి దగ్గరి బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ దాకా, ఏ గడప దగ్గర నిలబడినా తెలుగే వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం తరలివచ్చిన పద్మశాలీల మనుమలు, మునిమనుమలు వీళ్లు. మగవాళ్లది మరమగ్గం పని. చద్దర్లు, టవళ్లు నేస్తారు. ఆడవాళ్లది బీడీల పని. మగ్గం కూలీ నెలంతా గడవడానికి చాలదు కాబట్టి ఆ లోటును బీడీ పూడుస్తూ వచ్చింది. పొగాకు మీద రాసే వ్యాసాలు మామూలుగా తాగేవాడి ఊపిరితిత్తులతో మొదలై అక్కడే ఆగిపోతాయి. ఈ పేటల నుంచి చూస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది. మన ప్రభుత్వాలు దశాబ్దాలుగా సిగరెట్‌ను ఒక కంట, బీడీని మరో కంట చూస్తున్నాయి. ఎందుకని అడిగితే ఈ ఆడవాళ్ల ఉపాధిని చూపిస్తున్నాయి. వాళ్ల పేరు మీద ఇచ్చిన ఆ రాయితీ వాళ్ల చేతికి చేరలేదు. పైగా వాళ్లకు నేరుగా అందుతున్న ఒకే ఒక్క ఆసరాను కూడా అదే ప్రభుత్వం ఎత్తేసింది.

ముందు పనిని దగ్గరగా చూద్దాం. తునికాకు ఎండుగా ఉంటే విరిగిపోతుంది, అందుకే తడిపి మెత్తబరుస్తారు. రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఒక్కో ఆకునూ కత్తిరిస్తారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు. చిటికెడు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. కూలీ లెక్క వెయ్యి బీడీలకు. పది గంటలు కదలకుండా కూర్చుని వెయ్యి చుడితే ఒక్కో బీడీకి దక్కేది 36 సెకన్లు, ఆకు కత్తిరించే సమయం కూడా అందులోదే. కార్ఖానాలో బాగాలేవని పక్కన పడేసిన వాటికి పైసా రాదు. ఈ పదిగంటలూ తంబాకు దుమ్ము ముక్కులోకి పోతుంది, నికోటిన్ వేళ్ల చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. జీవితంలో ఒక్క బీడీ కూడా కాల్చని ఆడవాళ్ల మూత్రంలో కూడా దాని ఆనవాళ్లు దొరికాయని పరీక్షలు చెబుతున్నాయి. దగ్గు, ఆయాసం, కళ్ల మంటలు, నడుము నొప్పి ఈ పనిని అంటిపెట్టుకునే ఉంటాయి. చాలా ఇళ్లలో వండుకునేదీ, పిల్లలు పడుకునేదీ కూడా తంబాకు ఉన్న ఆ గదిలోనే. మగ్గం దగ్గర మగవాడు పీల్చేది పత్తి దుమ్ము. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ఆ ఇంటి నుంచి ఇద్దరూ వెళ్లవలసి వస్తే ఆశ్చర్యం లేదు.

ఇక కాల్చేవాడి సంగతి. బీడీ అంటే ఆకులో చుట్టిన సహజమైన సరుకు, సిగరెట్ అంత చెడ్డది కాదు అన్న నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. తునికాకు సిగరెట్ కాగితంలా గాలి ఆడనివ్వదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మళ్లీ మళ్లీ పీల్చాలి. అందుకే పొగాకు తక్కువే ఉన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి దండిగా పోతాయి. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం మన దేశంలో పొగతాగే మగవాళ్ల ఆయుర్దాయాన్ని లెక్కగట్టింది. సిగరెట్ తాగేవాళ్లకు సుమారు 10 ఏళ్లు, బీడీ తాగేవాళ్లకు 6 ఏళ్లు తగ్గుతున్నాయి. బీడీ తాగే ఆడవాళ్లకైతే 8 ఏళ్లు. ఆరుకూ పదికీ మధ్య తేడాను పట్టుకుని బీడీ మేలని వాదించేవాళ్లున్నారు. సిగరెట్‌లో ఉండే పొగాకులో నాలుగో వంతుకు అటూఇటూగా ఉన్న వస్తువు మనిషి ఆయుష్షులో ఆరేళ్లు తినేస్తోందంటే దానికి మంచి పేరు ఎలా పెడతాం? పైగా 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. అంటే బడ్జెట్ రోజున మనం చర్చించే సిగరెట్ కన్నా, ఎవరూ చర్చించని బీడీ వాడకమే ఎక్కువ.

చట్టాలకు కొదవ లేదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకటనలను ఆపింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ మీద నిషేధం గట్టిపడింది. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. విడి బీడీలు, విడి సిగరెట్లు అమ్మకూడదని మహారాష్ట్ర 2020లో ఆదేశించింది. ఇవన్నీ అవసరమే. కానీ అన్నింటికన్నా బాగా పనిచేసే పనిముట్టు ధర. ఆ ఒక్క విషయంలోనే బీడీకి మినహాయింపు దొరుకుతూ వచ్చింది. ఏడాదికి 20 లక్షల బీడీల లోపు చేసేవాళ్లకు ఒకప్పుడు ఎక్సైజ్ సుంకమే లేదు. జీఎస్టీ వచ్చాక సిగరెట్ మీద పన్నుకు పరిహార సెస్ కలిసింది, బీడీ మీద కలవలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్‌ను 40 శాతం శ్లాబుకు పెంచుతూ, బీడీని మాత్రం 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించింది. ధరలో జీఎస్టీ వాటా చూస్తే వంద రూపాయల్లో సుమారు 22 రూపాయలున్నది 15కు పడిపోతుంది. పొగాకు మీద పన్ను ధరలో 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బీడీ మీద పన్ను పెంచితే షోలాపూర్‌లో వేలాది ఇళ్ల పొయ్యి ఆరిపోతుందన్నది మొదటి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమందికి చేతిలో మరో పని లేదు. కాకపోతే పన్ను తక్కువగా ఉన్న ఈ ఏళ్లన్నింటిలో వాళ్ల కూలీ ఎందుకు పెరగలేదు? కనీస వేతనం కోసం ఇన్నిసార్లు రోడ్డెక్కవలసి ఎందుకు వచ్చింది? పన్ను రాయితీ యజమాని లాభంలోనో బీడీ కట్ట చౌక ధరలోనో కలిసిపోతుంది, చుట్టే చేతి దాకా రావడానికి దారి లేదు. వాళ్లకు నిజంగా అందింది వేరే చోటి నుంచి వచ్చింది. 1976లో పార్లమెంటు బీడీల మీద సంక్షేమ సెస్ వేసి, ఆ డబ్బును దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్‌లకు, ఇళ్లకు కేటాయించింది. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో ఈ ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడి కట్టించుకున్న 10 వేల ఇళ్ల కాలనీ, కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టుకున్న విడీ ఘర్కుల్, ప్రభుత్వ గృహ సాయంతోనే లేచింది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. జీఎస్టీ వచ్చినప్పుడు, 2017లో, ఆ సెస్ రద్దయింది. బీడీ నుంచి వచ్చే పన్నుకూ బీడీ చేసే మనిషికీ ఉన్న ముడి ఆ రోజుతో తెగింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కూడా ఇప్పుడు 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో కలిసిపోయింది.

రెండో అభ్యంతరం, బీడీ పేదవాడి సరదా, దాని మీద పన్ను పేదవాడి మీద పన్నే అని. ధర పెరిగినప్పుడు ముందుగా మానేది కూడా పేదవాడే, కొత్తగా మొదలుపెట్టకుండా ఆగేది అతని కొడుకే. మానినవాడికి మిగిలేది కట్ట ధర ఒక్కటే కాదు, రాబోయే ఆస్పత్రి ఖర్చు కూడా. మహారాష్ట్రలో పొగ కన్నా నమిలే పొగాకే చాలా ఎక్కువ, గుట్కాను 2012లో నిషేధించినా. కాబట్టి బీడీ ధర ఒక్కటే ఈ పేటల నోళ్లను కాపాడదన్నది నిజమే. నమిలే సరుకు మీద కూడా ఇదే పట్టు ఉండాలి.

పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారత్ 2004లో ఆమోదించింది. దాని 17వ అధికరణం పొగాకు పనివాళ్లకు వేరే జీవనోపాధి చూపాలంటుంది. మనం మొదటి సగాన్ని, అంటే హెచ్చరికలనూ నిషేధాలనూ, పట్టుకుని ఈ సగాన్ని వదిలేశాం. షోలాపూర్‌లో వేరే పని ఎక్కడో వెతకనక్కర్లేదు. స్కూలు యూనిఫారాల తయారీకి ఈ ఊరు పేరు తెచ్చుకుంది, 2017 నుంచి వాటికి ప్రత్యేకంగా ప్రదర్శనలు జరుగుతున్నాయి. పదహారేళ్ల పిల్ల ఆ కుట్టుపని వైపు పోగలదు. యాభై ఏళ్ల తల్లి, చూపు మందగించి, నడుము వంగి, ఇప్పుడు కొత్తగా మిషన్ తొక్కలేదు. ఆమెకు పింఛను కావాలి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది. సిరిసిల్లలో ఉన్న అక్కకు అది అందుతుంది, అదే ఇంటిపేరుతో సరిహద్దు దాటి వచ్చిన షోలాపూర్ చెల్లెలికి అందదు. బీడీని సిగరెట్‌తో సమానంగా పన్ను కిందికి తెచ్చి, ఆ పెరిగిన రాబడిలో ఒక వాటాను, రద్దయిన సెస్‌లాగే, చట్టం ద్వారా ఈ తల్లీకూతుళ్ల పేరా రాసిపెట్టాలి. తల్లికి పింఛను, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే. కూతురికి కుట్టుమిషన్, పని నేర్చుకునే నెలల్లో కూలీ.