నింగిపై మోపిన నేరము

వేలూరునుండి కృష్ణగిరికిఁ బోవు రాజమార్గమున, వాణియంబాడి దాటినపిమ్మట నాట్రంపల్లి యున్నది. 2019 వఱకు అది వేలూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపత్తూరు జిల్లాలోనిది. అచ్చటి భారతిదాసన్ ఇంజనీరింగు కళాశాల యావరణములో 2016 ఫిబ్రవరి 6వ తేదీ శనివారమున ప్రేలుడు సంభవించి, కళాశాల బస్సు డ్రైవరొకఁడు మరణించెను. ముగ్గురు గాయపడిరి. కిటికీల అద్దములు పగిలెను. నేలలో గుంట పడెను.

కట్టడపు పనులలో మిగిలిన జిలెటిను కడ్డీలు ప్రేలెనేమోయని తొలుత అనుమానించిరి. మఱునాఁడే ముఖ్యమంత్రిణి జయలలితగారు ఇది ఉల్కాపాతమని ప్రకటించి, మృతుని కుటుంబమునకు లక్షరూపాయల సహాయమును ప్రకటించిరి. చరిత్రలో ఉల్కవలనఁ గలిగిన తొలి మరణమిదియే యని దేశదేశముల పత్రికలు వ్రాసెను. ఛాయాచిత్రములు చూచిన నాసా శాస్త్రజ్ఞులు మాత్రము ఇది భూమిపై జరిగిన ప్రేలుడు వలెనే కనఁబడుచున్నదనిరి. చిన్న ఉల్కాశిల వాయుమండలములో వేగము కోల్పోయి, తన బరువుచేతనే నేలఁబడును. పడినచోట మందువలెఁ బ్రేలదు. అగ్గిపెట్టెల పరిశ్రమకుఁ బేరొందిన గుడియాత్తము వారికి మందు ప్రేలుట యెట్టిదో మనము చెప్పనక్కఱలేదు.

అట్టి మరణము అసంభవమని కాదు. 1888లో నేఁటి ఇరాకులోని సులైమానియాయందు ఉల్కవలన నొకఁడు మరణించెనని తెలుపు ఆటోమను ప్రభుత్వ పత్రములను 2020లో పరిశోధకులు వెల్లడించిరి. నాట్రంపల్లిలోఁ బ్రేలినది మందేయని తీర్పు చెప్పుటయు మా యుద్దేశము కాదు. మా యాక్షేపణ వేఱు. ఉల్కకు యజమాని లేఁడు, లైసెన్సు లేదు, నిలువ పుస్తకము లేదు. జిలెటిను కడ్డీకి ఇవన్నియుఁ గలవు. 2015 జనవరిలో రాణిపేటలో తోళ్ల కార్ఖానాల మురుగునీటి తొట్టిగోడ కూలి పదిమంది కార్మికులు చనిపోయినప్పుడు, ఆ తొట్టి యెవరిది, దాని కనుమతి యెవరిచ్చిరి అని యడుగుటకు వీలుండెను. ఆకాశము నెవరడుగఁగలరు?

సర్కారిచ్చునది దయాధనము. అప్పుడమలులోనుండిన 1923 నాఁటి పరిహార చట్టము క్రింద వచ్చునది హక్కు. దానికి యజమాని తప్పును ఋజువు చేయనక్కఱలేదు గాని, ఆ ప్రమాదము ఉద్యోగమువలనఁ గలిగినదని చూపవలెను. మింటనుండి రాయి పడినదన్నచో న్యాయవాదుల వాదమునకుఁ జోటేర్పడును. దొరకిన రాతితునక పరీక్షకుఁ బోయెను. ఆ యావరణములో నెవరైన మందు వాడియుండినచో, వారి లెక్కపుస్తకము కూడ ముఖ్యమంత్రిణి ప్రకటనకు ముందే దర్యాప్తుదారుల బల్లమీఁదికి రావలసియుండెను.