అమెరికా క్యాంపస్‌లలో నేరాల లెక్క 'సున్నా'.. నమ్మొచ్చా?

అమెరికా వెళ్లే స్టూడెంట్స్ చూసుకోవాల్సింది ర్యాంకులే కాదు. దాదాపు ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబర్ 1లోగా క్యాంపస్ నేరాల లెక్క బయటపెట్టాలి. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్‌లో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్య తర్వాత, తల్లిదండ్రుల పోరాటంతో 1990లో వచ్చిన చట్టం ఇది.

అయితే నేరం జరిగితే చాలామంది నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్లరు. కోచ్‌కో, హాస్టల్ చూసుకునే సీనియర్‌కో చెప్పుకుంటారు. చట్టం ప్రకారం వాళ్లు కూడా రిపోర్ట్ చేయాల్సినవాళ్లే. తెలుగు స్టూడెంట్స్ అసోసియేషన్‌కు అడ్వైజర్‌గా ఉన్న ప్రొఫెసర్ కూడా! నిజమో కాదో తేల్చడం వాళ్ల పని కాదు. విన్నది పైకి చేరవేయాలి, అంతే. లెక్క కోసం బాధితుల పేరు కూడా అక్కర్లేదు.

చిక్కేంటంటే, ఆ డ్యూటీ తమదని వాళ్లకు తెలియాలి కదా. డాక్టర్ లారీ నాసర్ కేసు తర్వాత 2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి 45 లక్షల డాలర్ల ఫైన్ పడింది. రిపోర్ట్ చేయాల్సిన సిబ్బందిని గుర్తించి, వాళ్లకు ఆ విషయం చెప్పకపోవడం కూడా అక్కడ దొరికిన లోపాల్లో ఒకటి. 2024లో లిబర్టీ యూనివర్సిటీకైతే ఏకంగా 1.4 కోట్ల డాలర్లు.

2024 డిసెంబర్‌లో వచ్చిన కొత్త చట్టంతో హేజింగ్, అంటే మన ర్యాగింగ్ లాంటిది, కూడా ఈ లెక్కలోకి చేరింది. ఏటా ఓ ఆన్‌లైన్ వీడియో ప్లే చేసి క్లిక్ కొడితే ట్రైనింగ్ అయిపోదు. ఏడుస్తూ వచ్చిన స్టూడెంట్‌కి "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకుండా, ధైర్యం చెప్పి వినడం నేర్పాలి.

అందుకే రిపోర్ట్‌లో అన్నీ సున్నాలే కనిపిస్తే, అక్కడ స్టాఫ్‌కు ట్రైనింగ్ ఇస్తున్నారా అని యూనివర్సిటీని అడగండి.