నెగటివు లేని ఛాయాచిత్రం

ముప్పదియారు చిత్రాలకే పరిమితమైన ఫిల్ము చుట్ట, డార్క్‌రూములో దానిని కడగడం, పిదప కాగితంపై ముద్రించడం: ఇంతటి శ్రమ నేటి విద్యార్థికి అక్కరలేదు. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరాకు ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకండ్లు పట్టింది. నేటి సెల్‌ఫోనుకు రెప్పపాటు చాలు. ఈ సౌలభ్యాన్ని నిందించడం అవివేకం. నా చింత అంతా చిత్రం యొక్క ఆయుర్దాయాన్ని గురించినది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1905లో గతించారు. (పరదా పాటించే స్త్రీల కొరకు ఆయన 1892లోనే హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పారు; ఆ కాలానికది సాహసమే.) ఆయన గాజుపలకల నెగటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. గాజుపలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనిపిస్తుంది. డిజిటల్ చిత్రమో, అంకెల రాశి. దానిని చదవడానికి యంత్రం కావాలి; యంత్రం మారినప్పుడెల్లా ప్రతి తీయాలి. ఎన్ని ప్రతులు తీసినా నాణ్యత తరగకపోవడం దాని గొప్ప సుగుణమే. కాని తీసేవారెవరు?

మన కళాశాల వార్షికోత్సవ చిత్రాలు నేడు ఎవరెవరి ఫోనులలోనో ఉన్నాయి. ఫోను పోతే అవీ పోతాయి. కావున పాలకవర్గానికి నా మనవి: ఏటేటా తరగతికొక చిత్రాన్ని కాగితంపై ముద్రింపించి, వెనుక పెన్సిలుతో ఉర్దూలోను, తెలుగులోను పేర్లు వ్రాయించి గ్రంథాలయంలో ఉంచాలి. డిజిటల్ ప్రతులను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ఇందుకయ్యే వ్యయం వార్షికోత్సవంలో పూలదండలకయ్యేదానికన్న మించదు.